రాత్రి పురుగుకు పగటి రంగులు

శ్రోతలకు నమస్కారం.

తొలకరి పడ్డాక మన నల్లగొండ, పాలమూరు వైపు రాత్రంతా వరండాలో బల్బు వేసి ఉంచితే, తెల్లారేసరికి గోడ నిండా రెక్కల పురుగులే, అదే ఇంగ్లిష్‌లో మాత్‌లంటారే, అవి. చీపురు పట్టుకునే ముందు ఓ అయిదు నిమిషాలు వాటి రంగులు చూడండి. చీకట్లో తిరిగే ప్రాణికి ఇన్ని రంగులతో పనేంటి?

గబ్బిలాల కోసమైతే కాదు. గబ్బిలం వేటాడేది చెవులతో. తన కూత తగిలి వెనక్కొచ్చే చప్పుడును బట్టి పురుగును పట్టేస్తుంది, దానికి ఎరుపైనా పచ్చైనా ఒకటే. పోనీ జత కోసమా? అదీ ఎక్కువగా వాసన పనే. పత్తి చేలల్లో గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు కడతాం కదా, ఆడపురుగు వాసన అనుకుని మగవి వచ్చి వాటిలో పడతాయి. అలాగని వీటికి రంగులు తెలియవని కాదు. చుక్కల వెలుతురులో కూడా ఒక రకం హాక్ మాత్ పూల రంగులను గుర్తుపడుతుందని 2002లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. ఆ వెలుతురులో మనకైతే అంతా బూడిద రంగే.

మరి ఒంటి మీద రంగులెందుకంటే, పగటి కోసం. రాత్రంతా తిరిగిన పురుగు పగలంతా ఎక్కడో ఒకచోట కదలకుండా కూర్చోవాలి. అప్పుడు వెతుక్కుంటూ వచ్చేవి గోరింకలు, పికిలి పిట్టలు. అవి కళ్లతో వెతుకుతాయి.

మీ పెరట్లో నందివర్ధనమో గన్నేరో ఉంటే, కింద నేల మీద పెద్ద పెద్ద పెంటికలు కనిపించినప్పుడు కొమ్మల్లోకి చూడండి. వేలంత లావు పచ్చపురుగు ఆకులు నమిలేస్తూ ఉంటుంది. కదిలిస్తే తల దించి, మెడ దగ్గర రెండు నీలి కళ్లు చూపిస్తుంది. అవి వట్టి మచ్చలే. అదే రెక్కలొచ్చాక దాని ఒంటి మీద ఆకుపచ్చలోనే నాలుగైదు ఛాయలు, మధ్యలో లేత గులాబీ. విడిగా చూస్తే ఎంత సింగారమో! ఆకుల గుబురులో కూర్చుంటే మాత్రం వెలుగునీడల్లో కలిసిపోతుంది.

నాకు అన్నిటికన్నా చిత్రంగా అనిపించేది మన బత్తాయి రైతులకు తలనొప్పిగా మారిన రసం పీల్చే రెక్కల పురుగు. ముందు రెక్కలు అచ్చం ఎండుటాకు. వాటి కింద దాచుకున్న వెనక రెక్కలు ముదురు నారింజ రంగు, మీద నల్ల మచ్చ, చుట్టూ నల్ల అంచు. పిట్ట ముక్కు ఆనించగానే ఆ నారింజ భగ్గుమంటుంది. పిట్ట బిత్తరపోయేలోపు ఎగిరిపోయి, ఇంకోచోట వాలి రెక్కలు మూసేస్తుంది. పిట్టేమో నారింజ రంగు కోసం వెతుకుతుంది, అక్కడేమో ఎండుటాకే ఉంది! ఆముదం చేలల్లో దాసరి పురుగు రెక్కలొచ్చాక ఇదే ఎత్తు వేస్తుంది, పైన మట్టి రంగు, లోపల నలుపూ తెలుపూ.

ఈ బత్తాయి దొంగ పిల్లలు బత్తాయి ఆకు ముట్టవు. తిప్పతీగ, దూసరితీగ మీద పెరుగుతాయి. రెక్కలొచ్చాకే రాత్రిపూట తోటలో చేరి, గట్టి మొన ఉన్న తొండంతో పండుతున్న కాయకు బెజ్జం పెడతాయి. అక్కడ కుళ్లు మొదలై కాయ రాలిపోతుంది. తోట చుట్టూ తిప్పతీగ లేకుండా చూసుకోమని రైతులకు చెప్పేది అందుకే. కరోనా రోజుల్లో కషాయం కోసమని మనమే దాన్ని ఇళ్ల ముందు పాకించుకున్నాం, అది వేరే సంగతి.

అసలు దాక్కోనివీ ఉన్నాయి. పచ్చిరొట్టకు జనుము చల్లిన చేలో పట్టపగలే ఎగిరే చిన్న పురుగును చూసే ఉంటారు. తెల్లటి రెక్కల మీద ఎర్రవి, నల్లవి చుక్కలు. గొంగళిగా ఉన్నప్పుడే జనుములోని విషాన్ని తిని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట మళ్లీ ఆ చుక్కల జోలికి రాదు. మనం పట్టుకుంటే ఏమీ కాదు, వేళ్లకు కాస్త పొడి అంటుతుందంతే. ఆ పొడి రేణువులన్నీ రెక్క మీద పెంకుల్లా పేర్చి ఉన్న పొలుసులు. ఇంతసేపూ మనం చెప్పుకున్న రెక్కల రంగులన్నీ వాటివే.

ఉంటాను, నమస్కారం.