డిగ్రీల వరుస (అనుకున్నాం, మాస్టర్స్ దగ్గరే ఇరుక్కుపోయాం)

సుధ: ఆన్ అయిందా? ఎర్ర లైటు వెలుగుతోంది, అయినట్టే. అందరికీ నమస్కారం. ఈ వారం డిగ్రీల వరుస. ఏది ముందు, ఏది తర్వాత, దేని మీద ఏది. చకచకా చెప్పేద్దాం.

వాసు: లిఫ్ట్ ఎపిసోడ్‌లో కూడా చకచకా అనే అన్నావక్కా.

సుధ: దాని ఊసెత్తకు. వినండి. స్కూలు చదువయ్యాక బ్యాచిలర్స్, మూడు నాలుగేళ్ళు. అమెరికాలో దానికి కింద అసోసియేట్ అని రెండేళ్ళది ఉంది, ఆ చదువును తర్వాత బ్యాచిలర్స్‌లో కలుపుకోవచ్చు. బ్యాచిలర్స్ మీద మాస్టర్స్, ఏడాదో రెండేళ్ళో. దాని పైన డాక్టరేట్. అంతే.

వాసు: అంతేనా? మరి ఆక్స్‌ఫర్డ్ ఎం.ఏ. సంగతేంటి?

సుధ: మొదలెట్టాడు.

వాసు: కాదక్కా, ఇది చెప్పకపోతే అన్యాయం. అక్కడ బి.ఏ. చేసినవాళ్ళు కాలేజీలో చేరిన దగ్గర్నుంచి 21 టర్ములు, అంటే 7 ఏళ్ళు గడిచాక ఎం.ఏ. తీసుకోవచ్చు. క్లాసు లేదు, పరీక్ష లేదు, థీసిస్ లేదు. వయసు పెరిగితే చాలు.

సుధ: అది చదివి తెచ్చుకున్న మాస్టర్స్ కాదని వాళ్ళే ఒప్పుకుంటారు. ఒక హోదా, అంతే.

వాసు: పేరు పక్కన రాసుకునేది మాత్రం ఎం.ఏ. అనేగా! స్కాట్లాండ్‌కి వెళ్ళు, ఎడిన్‌బరాలో, గ్లాస్గోలో, సెయింట్ ఆండ్రూస్‌లో ఆర్ట్స్ వాళ్ళు నాలుగేళ్ళు చదివే మొట్టమొదటి డిగ్రీ పేరే ఎం.ఏ. ఒకచోట రెండో మెట్టు, ఒకచోట మొదటి మెట్టు, ఇంకోచోట ఓపిక పట్టినందుకు ఇచ్చేది. ఇక వరుస ఎక్కడుంది?

సుధ: అందుకే పేరు వదిలేయండి, క్రెడిట్లు, అంటే ఎంత చదువు చదివారో కొలిచే లెక్క, అవి చూడండి అని నెత్తీ నోరూ కొట్టుకునేది.

వాసు: వచ్చాయమ్మా క్రెడిట్లు. ఎవరైనా లెక్కపెడుతున్నారా?

సుధ: నవ్వకు. 1999లో ఇటలీలోని బొలోన్యాలో 29 యూరప్ దేశాలు కూర్చుని సంతకాలు పెట్టింది ఎందుకనుకున్నావు? ఒక దేశం డిగ్రీ పక్క దేశం వాడికి అర్థం కాకే. ఇప్పుడక్కడ ఏడాది చదువుకి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. బ్యాచిలర్స్‌కి 180 నుంచి 240, మాస్టర్స్‌కి 60 నుంచి 120.

వాసు: డాక్టరేట్‌కి?

సుధ: దానికి అందరికీ ఒకే లెక్కంటూ లేదు.

వాసు: హా!

సుధ: పరిశోధనని గంటల్లో కొలవలేక లేదు, నీ కోసం కాదు.

వాసు: సరే, ఇది చెప్పు. అమెరికాలో లా చదివితే వచ్చేది జె.డి., అంటే జ్యూరిస్ డాక్టర్, పేరులోనే డాక్టర్ ఉంది. బ్యాచిలర్స్ అయ్యాక మూడేళ్ళు. అది చేసినవాడు ఆ తర్వాత ఎల్.ఎల్.ఎం. చేస్తాడు, అది మాస్టర్స్. డాక్టర్ అయ్యాక మాస్టరా!

సుధ: జె.డి. వృత్తి కోసం చదివేది, పరిశోధన డాక్టరేట్ కాదు. దాన్నీ పీహెచ్‌డీనీ ఒకే మెట్టు మీద పెట్టకూడదు. ఎం.డి. కూడా అంతే. అమెరికాలో డాక్టర్ కావడానికి చదివే చదువే ఎం.డి., బ్రిటన్‌లో ముందు ఎం.బి.బి.ఎస్. చేసి డాక్టరైపోయాక పరిశోధన చేసి తెచ్చుకునేది ఎం.డి. ఇంకో తమాషా, ఆ ఎం.బి.బి.ఎస్. పేరులో బ్యాచిలర్ ఉన్నా బ్రిటన్ లెక్కలో మాస్టర్స్‌తో సమానం.

వాసు: అంటే నేను గెలిచినట్టే.

సుధ: నేను గెలిచినట్టు. పేరు చూడొద్దన్నది ఎవరు? చేరడానికి ఏం అడుగుతారో చూడాలి, చేరాక ఎంత పని ఉందో చూడాలి, అంటే మళ్ళీ క్రెడిట్లే. పీజీ డిప్లొమానే తీసుకో, చేరాలంటే డిగ్రీ అడుగుతారు, కానీ అది మాస్టర్స్ కాదు. బ్రిటన్‌లో మాస్టర్స్‌కి 180 అయితే దానికి 120. వాళ్ళ క్రెడిట్ వేరు, 10 గంటలే, యూరప్ దానితో కలపకండి.

వాసు: మరి మాస్టర్స్ లేకుండానే పీహెచ్‌డీ? అమెరికాలో బ్యాచిలర్స్ అవగానే నేరుగా తీసుకుంటారు చాలాచోట్ల.

సుధ: తీసుకుంటారు. మాస్టర్స్ దారిలో వస్తుంది. మధ్యలో మానేసినవాళ్ళకి చేతిలో పెట్టి పంపించేస్తారే, ఆ ఓదార్పు బహుమతి.

వాసు: ఊఁ.

సుధ: ఏమైంది?

వాసు: ఏం లేదు. నాది అదే కదా.

సుధ: అయ్యో. వాసూ, నేను ఆ ఉద్దేశంతో అనలేదురా.

వాసు: తెలుసు. కానీ అదీ కోర్సులన్నీ చదివి, పరీక్షలు పాసైతేనే ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళదానికంటే నయం.

సుధ: ఆ ముక్క కరెక్టే. అది పూర్తి మాస్టర్సే, వినేవాళ్ళు రాసుకోండి. ఈ ముక్క కట్ చేయనా?

వాసు: వద్దు, ఉండనీ. వినేవాళ్ళు పంపిన ప్రశ్నలున్నాయిగా, ఒకటి చదువు.

సుధ: "పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ పైన డిగ్రీయేనా?" కాదు. అది ఉద్యోగం, గడువు పెట్టి ఇచ్చే ఉద్యోగం. తర్వాతిది...

వాసు: ఆగాగు. పీహెచ్‌డీ పైన ఏమీ లేదనేస్తావా? జర్మనీలో హబిలిటాట్సియోన్ ఉంది, ప్రొఫెసర్ అవ్వాలంటే చాలా ఏళ్ళు అదే దారి, డాక్టరేట్ అయ్యాక మళ్ళీ ఇంకో పెద్ద పరిశోధన రాసి...

సుధ: అది డిగ్రీ కాదు, అర్హత.

వాసు: పేరు చూడొద్దన్నావుగా ఇందాక!

సుధ: నీతో కాదు. ఆపేస్తున్నా.

వాసు: రెండు నిమిషాలక్కా, దానికి క్రెడిట్లు ఎన్నో ఒక్కటి చెప్పి...