మూలన ఎర్ర దారం

శ్రోతలకు నమస్కారం.

మా చిన్నప్పుడు చాలా ఇళ్లలో టీవీ మీద ఒక గుడ్డ కప్పి ఉండేది. దాని మీద రెండు హంసలో, గులాబీల గుత్తో కుట్టి ఉండేవి. దగ్గరికెళ్లి చూస్తే అంతా చిన్న చిన్న ఇంటూ గుర్తులే. అదే క్రాస్ స్టిచ్. నేర్చుకోవాలని ఉన్నా 'మనకి బొమ్మలు గీయడం రాదు కదా' అని వెనకాడేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

బొమ్మ గీయక్కర్లేదండీ. చుక్కల ముగ్గు వేసే చేతికి ఇది సగం వచ్చినట్టే. అక్కడా లెక్కే, ఇక్కడా లెక్కే. కాగితం మీద రంగు గళ్లతో బొమ్మ ఉంటుంది. కాగితం మీద ఒక గడికి, గుడ్డ మీద ఒక ఇంటూ.

గుడ్డ కోసం వెళ్లినప్పుడు 14 కౌంట్ ఐడా గుడ్డ అని అడగండి. అంటే అంగుళానికి 14 గళ్లు. 70 గళ్ల బొమ్మయితే 5 అంగుళాలు వస్తుంది. చుట్టూ రెండేసి అంగుళాలు వదలాలి కాబట్టి 9 అంగుళాల ముక్క తీసుకోండి. సూది మొన మొద్దుగా ఉన్నదే మంచిది, గుడ్డకి రంధ్రాలు ముందే ఉంటాయి. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, ఈ గుడ్డకి రెండు చాలు. మూరెడు దారం కత్తిరించి, ఒక్కో పోగూ విడిగా లాగి, తర్వాత రెండూ కలపండి. రెండూ ఒకేసారి లాగారో, ఇక చిక్కులు విప్పుకుంటూ కూర్చోవాలి. గుడ్డని నాలుగు మడతలు పెడితే మడతలు కలిసేచోటే నడిమధ్య. అక్కడ మొదలుపెట్టండి.

ఇక నా చిలక సంగతి. నేను మొదట కుట్టింది చిలకనే. పదిహేను రోజులు కూర్చుని కుట్టాను. ఒక్క గడి లెక్క తప్పలేదు. తీరా అయ్యాక కిటికీ దగ్గర పెట్టి చూస్తే, ఒక రెక్క ముదురు పచ్చ, ఇంకో రెక్క లేత పచ్చ! ఒకే రంగని చెప్పి షాపువాడు రెండు రకాల లచ్చిలు అంటగట్టాడనుకున్నాను. పోట్లాటకి బయల్దేరుతుంటే మా పిన్ని గుడ్డ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, 'దారం మంచిదేనే, నీ గీతలు చూసుకో' అంది.

చూసుకున్నాను. ఇంటూలో పైన పడే గీత ఒక రెక్కలో కుడికి వాలింది, ఇంకో రెక్కలో ఎడమకి వాలింది. ఆ దారానికి మెరుపుంటుంది కదా, వాలు మారితే వెలుగు పడే తీరు మారుతుంది. రంగే మారినట్టు కనిపిస్తుంది. మరి వాలు ఎందుకు మారింది? రెండో రెక్క కుట్టేటప్పుడు చేతికి వీలుగా ఉంటుందని గుడ్డని పక్కకి తిప్పి పట్టుకున్నాను. అంతే. నేను ఎప్పటిలాగే కుట్టుకుంటూ పోయాను, గీత మాత్రం అడ్డం తిరిగింది.

అందుకే ఈ రోజు నేను చెప్పేది ఒక్కటే. పై గీత ఎప్పుడూ ఒకే వైపు. మళ్లీ చెప్తున్నా, పై గీత ఎప్పుడూ ఒకే వైపు. ఒక వరసలో కింది గీతలన్నీ కుట్టుకుంటూ పోయి, తిరుగు దారిలో పై గీతలన్నీ వేసుకుంటూ వస్తే పొరపాటుకి తావు తక్కువ. ఇంకా భయమైతే మా పిన్ని చేసినట్టు చేయండి. బొమ్మ మొదలుపెట్టక ముందే గుడ్డకి పై ఎడమ మూలన ఎర్ర దారంతో ఒక్క కుట్టు వేసుకోండి. గుడ్డ ఎప్పుడు చేతిలోకి తీసుకున్నా ఆ ఎర్ర కుట్టు ఎడమ పక్కన పైనే ఉండాలి. పనయ్యాక లాగేస్తే సరి.

చిలకని నేను విప్పలేదు. హాల్లో, కిటికీకి దూరంగా ఉన్న గోడకి తగిలించాను. సాయంత్రం లైటు వేస్తే మాత్రం ఇప్పటికీ ఆ రెక్క బయటపడుతుంది.