ఆర్కైవ్ కొడితే ఖాళీ బాక్సు యార్డుకి పోదు గురూ!

వైజాగ్ ట్రాన్స్‌పోర్టు జనానికి నమస్తే! పోయిన వీడియోలో కంటైనర్ ట్రిప్పుల సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క మాటన్నాను, "ఆపరేషన్స్ కుర్రాళ్ల లాగిన్‌లోంచి ఆర్కైవ్ బటన్ పీకేయండి" అని. అంతే, కామెంట్లలో ఉతికి ఆరేశారు. "కంప్లీట్ కొట్టినా ఆర్కైవ్ కొట్టినా లిస్టులోంచి పోద్ది కదా, ఏటి తేడా?" అంట!

ఏటి తేడానా? డిటెన్షన్ బిల్లు (బాక్సు ఆలస్యంగా తిరిగిస్తే షిప్పింగ్ లైను వేసే చార్జీ) వచ్చినప్పుడు తెలుస్తాది బాబూ.

ఇంపోర్ట్ నలభై అడుగుల బాక్సు, అదే కంటైనర్. టెర్మినల్ గేటు దాటింది, షీలానగర్ రోడ్డెక్కింది, గాజువాక అవతల గోడౌన్లో సరుకు దిగింది. పీవోడీ (సరుకు అందిందన్న కాగితం) మీద సంతకం పడింది. మనోడు హమ్మయ్య అనేసుకున్నాడు. అప్పుడే ఎక్కడయ్యింది? బాక్సు షిప్పింగ్ లైనువాళ్లది! ఫ్రీ డేస్ (చార్జీ పడని రోజులు) దాటితే మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఖాళీ బాక్సు వాళ్లు చెప్పిన యార్డులో గేట్ ఇన్ అవ్వాలి, ఈఐఆర్ స్లిప్పు (బాక్సు అప్పగించిన రసీదు) చేతికి రావాలి. ఆ స్లిప్పు మీద బాక్సు నంబరు, తేదీ, టైము, ఎక్కడ సొట్టపడిందో అన్నీ ఉంటాయి. ఆ తేదీ సిస్టంలో ఎక్కించాకే కంప్లీట్ కొట్టాలి.

మరి ఆర్కైవ్? ఫైలు కళ్లముందు నుంచి పోతుంది, అంతే. బాక్సు ఎక్కడుందో అక్కడే ఉంటుంది, డిటెన్షన్ పెరుగుతుంది, లిస్టులో మాత్రం ఎవడికీ కనపడదు.

నా అనుమానం చెప్పనా? ఇది తెలియక చేసేది కాదు. నెలాఖరు వచ్చిందంటే ఓనరుగారికి వాట్సాప్‌లో "పెండింగ్ జీరో" స్క్రీన్‌షాట్ వెళ్లాలి. తిరిగివ్వని బాక్సు ఎర్రగా మెరుస్తుంటే తిట్లు పడతాయి. అందుకని ఆర్కైవ్! చెత్త ఊడ్చి మంచం కిందకి తోసేసినట్టు. కుర్రాణ్నేం అంటాం, ఆ స్క్రీన్‌షాట్ అడిగినాయన్నే అనాలి.

ఇంకో తమాషా. కంటైనర్ నంబరంటే నాలుగు అక్షరాలు, ఏడంకెలు. చివరి అంకె ముందున్నవాటి నుంచి లెక్కగట్టి వస్తుంది, డ్రైవర్ పంపిన మసక ఫొటో చూసి 3ని 8 అని కొడితే దొరికిపోవడానికి. అంత పకడ్బందీ నంబరు! కానీ అదే బాక్సు ఇంకో ఓడలో మళ్లీ మన దగ్గరకే వస్తే? పాత ట్రిప్పు కంప్లీట్ కాకుండా ఆర్కైవ్‌లో పడుంటే, ఈ స్లిప్పు ఏ ఫైలుదో మీరే కొట్టుకు చావాలి.

ఎక్స్‌పోర్ట్ రొయ్యల రీఫర్‌కి (సరుకు చల్లగా ఉంచే కంటైనర్) లెక్క తిరగబడుతుంది, ఖాళీ ముందు తెచ్చుకుని లోడు టెర్మినల్‌కి ఇస్తాం. దాని గొడవ ఇంకో వీడియోలో.

ఆర్కైవ్ వద్దనట్లేదు. స్లిప్పు, బిల్లు, వసూలు, డిపాజిట్ వాపసు, అన్నీ అయ్యాక కొట్టుకోండి. డిలీట్ జోలికి మాత్రం పోవద్దు, జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి.

ఇప్పుడే మీ ఆర్కైవ్ తెరిచి, ఎంప్టీ రిటర్న్ తేదీ లేని ఫైళ్లు ఎన్నున్నాయో కామెంట్లో పెట్టండి. సున్నా అంటే మాత్రం నమ్మను, స్క్రీన్‌షాట్ కావాలి!