ట్రిమ్ కోట గోడకున్న కన్నాలు
(ఐర్లండ్‌లో బోయిన్ నది ఒడ్డున తెలుగు కుటుంబాల వేసవి కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, పులిహోర చేసి తెచ్చిన అక్కలకు, పొద్దున్నే వచ్చి కుర్చీలు వేసిన తమ్ముళ్ళకు వందనాలు. భోజనాల వేళవుతోంది కాబట్టి పది నిమిషాల్లో ముగిస్తాను.

మీ వెనక ఉన్నది ట్రిమ్ కోట. ఎవరిని తీసుకొచ్చినా "సినిమా షూటింగ్ ఎక్కడ జరిగిందండీ?" అనే అడుగుతారు. 1994లో షూటింగ్ జరిగింది, నిజమే. కానీ ఎనిమిది వందల ఏళ్ళు దాటిన కోటని పట్టుకుని అదొక్కటే అడిగితే నాకు కష్టంగా ఉంటుంది.

1172లో ఇంగ్లండు రాజు రెండో హెన్రీ ఈ మీత్ సీమంతా హ్యూ డి లేసీ అనే నార్మన్ ప్రభువుకు రాసిచ్చాడు. ఆయన ముందు మట్టికట్ట, కర్రలతో కోట కట్టుకుంటే ఐరిష్ రాజు రోరీ ఓకానర్ సైన్యం వచ్చి తగలబెట్టింది. ఆ తర్వాతే ఈ రాతి కట్టడం. నడిమి బురుజు కూడిక గుర్తులా ఉంటుంది, చుట్టూ తిరిగి లెక్కపెడితే ఇరవై ముఖాలు. అది పూర్తవడం డి లేసీ చూడలేదు. 1186లో డరోలో ఇంకో కోట పని చూస్తుండగా ఒక ఐరిష్ యువకుడు గొడ్డలితో నరికేశాడు. మొండెం ఇక్కడికి దగ్గర్లోని బెక్టివ్ మఠానికి, తల డబ్లిన్ మఠానికి చేరితే, రెండు మఠాలూ ఏళ్ళ తరబడి తగువులాడుకున్నాయి. మిగతా పని కొడుకు వాల్టర్ చేయించాడు.

1210లో జాన్ రాజు వచ్చిన సంగతీ చెప్పాలనుకున్నాను. వదిలేస్తాను. ఆ గోడ చూడండి. వరసగా చదరపు కన్నాలున్నాయి, కనబడుతున్నాయా?

అవి పరంజా కన్నాలు. మా నాన్న తాపీమేస్త్రి. గోడ లేస్తున్నకొద్దీ సరుగుడు బాదులు గోడలో గుచ్చి, వాటి మీద పలకలు పరిచి నిలబడేవాడు. పనయ్యాక బాదు లాగేసి, నన్ను భుజాల మీద ఎక్కించుకుని, "ఇటికముక్క పెట్టి మాలు కొట్టరా" అనేవాడు. నా చెయ్యి మోచేతి దాకా ఆ కన్నంలోకి పోయేది. లోపల చల్లగా ఉండేది.

ఇక్కడ కొన్ని కన్నాల్లో ఓక్ కర్రల మొదళ్ళు అలాగే ఉండిపోయాయి. చెట్టు కాండంలో ఏడాదికొకటిగా పడే వలయాలు ఆ కర్రల్లో లెక్కపెట్టే ఈ బురుజు ఏ ఏళ్ళలో ఎంత లేచిందో తేల్చారు. 1170లలో మొదలై, ఆగి ఆగి, 1200 దాటాక ముగిసింది. ప్రభువుల పేర్లు కాగితాల్లో ఉన్నాయి. కానీ గోడ వయసు చెప్పింది మేస్త్రీలు వదిలేసిన కర్రముక్కలండీ! ఆ మేస్త్రీల్లో ఒక్కరి పేరు చెప్పమంటే నేను చెప్పలేను.

అమ్మా, పిల్లల్ని కాస్త ముందుకు పంపించండి. భోజనాలయ్యాక టికెట్ తీసుకుని గైడుతో లోపలికి వెళ్దాం. అంతకంటే ముందు ఆ గోడ దగ్గరికి రండి. కింది వరస కన్నాలు అందకపోతే నేను భుజాల మీద ఎత్తుకుని చూపిస్తాను.