ఫిల్మా, డిజిటలా? కెమెరా బుక్ చేసే ముందు ఈ లెక్క వేసుకోండి

(నల్ల తెర. ఫిల్మ్ కెమెరా తిరుగుతున్న శబ్దం.)

ఈ శబ్దం వినపడుతోందా? సెకనుకు అడుగున్నర ఫిల్మ్ అయిపోతోంది. 35 ఎంఎం మీద, 24 ఫ్రేముల వేగంతో నిమిషానికి 90 అడుగులు. 1,000 అడుగుల రోలు 11 నిమిషాల్లో ఖాళీ. మధ్యలో హీరో డైలాగ్ మర్చిపోయి నవ్వితే, ఆ నవ్వుకయ్యే ఖర్చు కూడా మీదే.

(యాంకర్ ఫ్రేములోకి.)

నమస్తే. షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకునేవాళ్లలో చాలామంది "ఫిల్మ్ మీద తీస్తే ఆ లుక్కే వేరు" అంటారు. లుక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు లెక్క.

(స్క్రీన్ మీద అంకెలు.)

మీది 15 నిమిషాల కథ అనుకోండి. ఫైనల్‌గా వాడే ఒక్కో నిమిషానికి 10 నిమిషాలు తీస్తారు. మొత్తం 150 నిమిషాలు. 35 ఎంఎంలో 13,500 అడుగులు. అదే సూపర్ 16 (16 ఎంఎం వెడల్పుండే సన్న ఫిల్మ్) అయితే నిమిషానికి 36 అడుగులే, 5,400 అడుగులతో సరి. దాని 400 అడుగుల రోలు కూడా 11 నిమిషాలే వస్తుంది కాబట్టి, ఎందులో తీసినా 14 రోళ్లు కావాలి. కొనే ఫిల్మ్ మాత్రం సగం కూడా ఉండదు. ఆ పైన ల్యాబ్‌లో కడిగించాలి, స్కాన్ చేయించాలి. ఆ రెండు బిల్లులూ అడుగుల లెక్కనే వస్తాయి.

డిజిటల్‌లో కార్డు నిండితే ఇంకో కార్డు. అలాగని ఉచితమేమీ కాదు. ఒక్కో షాట్ 20 టేకులు తీసేసి, ఎడిటింగ్ టేబుల్ దగ్గర "ఇందులో ఏది బాగుంది?" అని తలపట్టుకునేవాళ్లు ఎంతమందో! ఫిల్మ్‌లో డబ్బు షూటింగ్ కంటే ముందే పోవడం మొదలవుతుంది. డిజిటల్‌లో తర్వాత, కాస్త కాస్తగా పోతుంది. మీ నటులు కొత్తవాళ్లయితే, రిహార్సల్‌కి టైమ్ లేకపోతే, నా మాట విని డిజిటల్‌కే వెళ్లండి.

(క్లోజప్: నల్లసంచిలో చేతులు పెట్టి మ్యాగజైన్ (కెమెరాకి తగిలించే ఫిల్మ్ డబ్బా) లోడ్ చేస్తున్న అసిస్టెంట్.)

ఇతని చేతులు చూడండి. కళ్లతో పనిలేదు, అంతా వేళ్లతోనే. సంచిలోకి కొంచెం వెలుతురు పడినా రోలు పాడైపోతుంది. షాట్ ఓకే అన్నాక కూడా వదలడు. లెన్స్ తీసి, టార్చి వేసి, గేట్ చూస్తాడు, అంటే ఫిల్మ్ మీద వెలుగు పడే కంత. అక్కడ ఒక్క వెంట్రుకలాంటి నలుసు ఉన్నా, పెద్ద తెర మీద తాడంత కనిపిస్తుంది. మళ్లీ తీయాల్సిందే. ఫిల్మ్ కెమెరాకీ మానిటర్ తగిలించొచ్చు కానీ, అది ఫ్రేమింగ్ చూసుకోవడానికే. అసలు బొమ్మ ఎలా వచ్చిందో రష్, అంటే ల్యాబ్‌లో కడిగిన ఫుటేజ్, వచ్చేదాకా తెలియదు. ఆ టెన్షన్ డిజిటల్‌లో లేదు. దాని బదులు, మానిటర్ ముందు చేరిన ప్రతివాళ్లూ తలా ఒక సలహా ఇస్తారు.

(స్క్రీన్ మీద: కిటికీకి వీపు పెట్టి కూర్చున్న నటి, మిట్టమధ్యాహ్నం.)

ఇప్పుడు వెలుతురు. తేడా నిజంగా తెలిసేది ఇక్కడే. కలర్ నెగటివ్ వెలుగు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, చీకటిని ఓర్చుకోదు. అందుకే ఇక్కడ కెమెరామెన్ ముఖానికి సరిపడా ఎక్స్‌పోజర్ పెడతాడు. బయటి ఎండ మెల్లగా తెల్లబడుతుంది, చూడటానికి బాగానే ఉంటుంది. డిజిటల్‌లో ముందు కిటికీ చూసుకోవాలి. అక్కడ తెలుపు పూర్తిగా కొట్టుకుపోతే, డీఐలో, అంటే షూటింగ్ తర్వాత రంగులు సరిదిద్దే దశలో, ఎంత గింజుకున్నా తిరిగి రాదు. కొత్త కెమెరాల్లో ఈ ఇబ్బంది బాగా తగ్గింది కానీ, పూర్తిగా పోలేదు.

రాత్రి సీన్లలో కథ తిరగబడుతుంది. కొడాక్ ఇప్పుడు అమ్ముతున్న కలర్ నెగటివ్‌లలో అన్నిటికంటే వేగమైనది, అంటే తక్కువ వెలుతురు చాలేది, 500 ఐఎస్ఓ (ఈ అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుతురు సరిపోతుంది). సోనీ వెనిస్ లాంటి డిజిటల్ కెమెరాలో 500తో పాటు 2,500 కూడా బేస్ ఐఎస్ఓనే, అంటే కెమెరా బాగా పనిచేసేలా తయారుచేసిన స్థాయే. దర్శకుడు మైకేల్ మాన్ 2004లో 'కొలాటరల్' రాత్రి సీన్లను ఎక్కువగా డిజిటల్‌లో తీసింది, లాస్ ఏంజెలెస్ వీధి దీపాల వెలుగులో ఊరంతా కనిపించాలనే. మీ కథ కూడా వీధి దీపాల కింద నడిచేదైతే, ఇంక ఆలోచించే పనిలేదు.

(స్క్రీన్ మీద: 2012, 2015.)

బడ్జెట్ అడ్డురానివాళ్లు ఏం చేశారు? జేమ్స్ బాండ్ సినిమాల్లో 2012 నాటి 'స్కైఫాల్'ని కెమెరామెన్ రోజర్ డీకిన్స్ ఆరి అలెక్సా అనే డిజిటల్ కెమెరాతో తీశారు. 2015లో 'స్పెక్టర్'కి కెమెరామెన్ మారారు, మళ్లీ 35 ఎంఎం వచ్చింది. మరి 2021 నాటి 'డ్యూన్'? దాన్ని డిజిటల్‌లో తీసి, 35 ఎంఎం ఫిల్మ్ మీదికి ఎక్కించి, తిరిగి స్కాన్ చేశారు. అంటే లుక్ కావాలంటే షూటింగ్ అయ్యాక కూడా తెచ్చుకునే దారులున్నాయి. కేవలం ఆ గ్రెయిన్ (ఫిల్మ్ బొమ్మలో కనిపించే సన్నటి రేణువులు) కోసమే ఫిల్మ్ అనుకుంటే, రంగులు దిద్దే మీ కలరిస్ట్‌తో ఒకసారి మాట్లాడండి.

ఇదంతా విన్నాక కూడా ఫిల్మే అంటారా? మంచిదే. పగటి వెలుతురు, తక్కువ పాత్రలు, రిహార్సల్ బాగా చేసిన సీన్లు ఉంటే సూపర్ 16 మీద తప్పకుండా తీయండి. ఫ్యూజీ 2013లో షూటింగ్ ఫిల్మ్ తయారీ ఆపేసింది కాబట్టి ప్రధానంగా కొడాక్ మీదే ఆధారపడాలి. మన దగ్గర ల్యాబులు చాలావరకు మూతపడ్డాయి. అందుకని స్టాక్ కొనకముందే ల్యాబ్‌కి ఫోన్ చేసి, ఏ ఫిల్మ్ కడుగుతారు, ఎన్ని రోజులు పడుతుంది, స్కాన్ వాళ్లే చేస్తారా అని అడగండి. రోళ్లు విమానంలో తీసుకెళ్లాల్సి వస్తే, కడగని ఫిల్మ్‌ని ఎయిర్‌పోర్టులో సీటీ స్కానర్‌లో పెట్టనివ్వకండి, పొగపట్టినట్టు పాడవుతుంది. చెకిన్ లగేజీలో అసలే వేయకండి. చేత్తో తనిఖీ చేయమని అడగండి, ఒప్పించడానికి టైమ్ పట్టొచ్చు కాబట్టి ఒక గంట ముందే వెళ్లండి.