రెండు బకెట్లకు చెరువు నిండే ఆటను మనం మార్చుకుందాం

(కడపలో ఇంటర్, డిగ్రీ విద్యార్థుల కోసం పెట్టిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలను వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకు, అయ్యవార్లకు మరీ మరీ.

ఇక్కడ కూర్చున్న పిల్లల్లో చాలామందికి మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట కొత్త కాదు. పెద్దవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఆ ఆటలో లోకమంతా ఒక్కో మీటరు దిమ్మెలతో పేర్చి ఉంటుంది. తవ్వుకోవచ్చు, కట్టుకోవచ్చు, పంట పెట్టుకోవచ్చు. ఫలానాది కట్టి తీరాలని ఎవరూ చెప్పరు. స్వీడన్‌లో మార్కస్ పెర్సన్ 2009లో దీన్ని బయటపెట్టాడు. 2011 నవంబరులో పూర్తి రూపం వచ్చింది. 2023 నాటికి అమ్ముడైన కాపీలు 30 కోట్లు దాటాయి. ఇదే తీరులో డబ్బు పెట్టకుండా దొరికేది లువాంటి. ఫిన్లాండ్‌కు చెందిన పెర్టు అహోలా 2010లో మైన్‌టెస్ట్ పేరుతో మొదలుపెట్టిన దానికి 2024లో పెట్టిన కొత్త పేరిది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా నడుస్తుంది. కోడ్ మొత్తం ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆటలోని లోకం మన సీమలా ఉండాలంటే రంగులు మార్చినంత మాత్రాన సరిపోదు. దాని నియమాల్లో చెయ్యి పెట్టాలి. అన్నిటికంటే ముందు నీళ్ళ నియమంలో.

అయినా రంగులతోనే మొదలుపెడదాం. చేతికి తొందరగా వచ్చే పని అది. పైగా ఆ పనిలో కన్ను పదునెక్కుతుంది.

మన కడప బండ తీసుకుందాం. వంటింటి గట్టు మీద, గోడ అలమరల్లో, వసారాలో కాళ్ళ కింద రోజూ చూసే రాయి. దాన్ని ఆటలోకి తేవాలంటే రిసోర్స్ ప్యాక్, అంటే ఆట బొమ్మలను మార్చే ఫైళ్ళ మూట చేయాలి. ఒక ఫోల్డరు, అందులో ప్యాక్ గురించి చెప్పే చిన్న ఫైలు, ఆ తర్వాత ఆట ఏ దారిలో బొమ్మ కోసం వెతుకుతుందో అదే దారిలో, అదే పేరుతో మీ బొమ్మ. అంతే. పాలిష్డ్ డీప్‌స్లేట్ అనే దిమ్మె ఉంది కదా, దాని బొమ్మ స్థానంలో మీ బండ పెడితే లోకంలో ఆ దిమ్మె ఉన్న ప్రతిచోటా కడప బండే కనిపిస్తుంది.

బొమ్మ కొలత 16 అడ్డం, 16 నిలువు. అంటే 256 చుక్కలు. ఇంట్లో బండను ఫోన్‌తో ఫోటో తీసి ఆ కొలతకు కుదించారనుకోండి, బూడిద పులిమినట్టు వస్తుంది. చుక్కలు మీరే పెట్టాలి. అందుకు ముందు బండను బాగా చూడాలి. మనం నల్లబండ అంటాం గానీ అది కాటుక నలుపు కాదు. ముదురు బూడిదలో కాస్త నీలం కలిసి ఉంటుంది. నూనె గుడ్డతో తుడిస్తే నలుపు తేలుతుంది, వాడకం పడిన చోట తెల్లబారుతుంది. నాలుగైదు ఛాయలు తీసుకుంటే చాలు. అంచుల దగ్గర జాగ్రత్త. ఒక దిమ్మె కుడి అంచు పక్క దిమ్మె ఎడమ అంచుకు తగులుతుంది. సందు గీతను నాలుగు వైపులా గీస్తే నేల మీద ఆ గీత రెండింతల లావు కనిపిస్తుంది. అందుకే రెండు వైపులే గీయాలి, కిందా కుడివైపూ. మధ్యలో ఎక్కడైనా ఒక్క తెల్ల చుక్క ఎక్కువగా మెరిసినా గదంతా అదే చుక్క వరసలు కట్టి కనబడుతుంది. పది దిమ్మెలు అడ్డం, పది దిమ్మెలు నిలువు పరిచి, కాస్త దూరం నిలబడి చూడండి. తప్పు అక్కడే దొరుకుతుంది.

శెనక్కాయ కూడా ఇలాగే. ఆటలో ఆ పంట లేదు, ఆలుగడ్డ ఉంది. అదీ నేలలో కాసేదే. ఆ మొక్క ఎదుగుదలకు నాలుగు బొమ్మలుంటాయి. నాలుగూ మార్చి గీస్తే కనుచూపు మేర శెనక్కాయ చేనే. మట్టి మిద్దె కట్టుకోవడం ఇంకా సులువు, ప్యాక్డ్ మడ్ అనే దిమ్మె ఆటలోనే ఉంది. పైకప్పు చదునుగా వేసి, గవాచి దగ్గర ఒక దిమ్మె ఖాళీ వదిలితే ఇంట్లోకి వెలుతురు పడుతుంది.

ఇంతవరకు బాగుంది. ఇప్పుడా చేనికి నీళ్ళు పెట్టండి.

ఆటలో రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి, రెండు దిమ్మెల వెడల్పు, రెండు దిమ్మెల పొడవు ఉన్న గుంటలో ఎదురెదురు మూలల్లో పోస్తే గుంట నిండిపోతుంది. ఆ తర్వాత ఎన్ని బకెట్లు తోడినా తరగదు. ఒక్క నీటి దిమ్మె చుట్టూ నాలుగు దిమ్మెల దూరం దాకా, అంటే 80 దిమ్మెల మడి తడుస్తుంది. తడిసినందుకు ఒక్క చుక్క కూడా ఖర్చు కాదు. మన పక్క జిల్లా అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. వందల అడుగులు బోరు వేసినా నీళ్ళు పడక అప్పుల్లో మునిగిన రైతుల ఇళ్ళు మీలో చాలామందికి తెలుసు. ఆ ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లవాడు తన ఊరిని ఆటలో కడితే, అందులో నీళ్ళు ఎన్నటికీ తరగవంటే, అది వాడి ఊరు ఎట్లా అవుతుంది?

ఈ నియమాన్ని ఆపే వీలుంది. కంప్యూటర్లో ఆడే మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో 1.19.3 వెర్షన్ నుంచి వాటర్ సోర్స్ కన్వర్షన్ అనే గేమ్ రూల్ వచ్చింది. దాన్ని ఫాల్స్ చేస్తే, అంటే ఆపేస్తే, కొత్త నీటి ఊట పుట్టదు. లావాకు ఇలాంటి రూలే మొదటి నుంచీ ఫాల్స్‌లో ఉంటుంది. అయితే ఒక దొంగదారి మిగులుతుంది. గుహల్లో కిందికి వేలాడే డ్రిప్‌స్టోన్ పైన నీళ్ళుంచి, కింద కాల్డ్రన్ అనే గంగాళం పెడితే బొట్టుబొట్టుగా అది నిండుతుంది. పైనున్న నీళ్ళు మాత్రం తగ్గవు. బెలుం గుహల్లో వేలాడే రాళ్ళు చూసినవాళ్ళకు ఆ దిమ్మె బాగా నచ్చుతుంది, వాడుకోండి. నీళ్ళ లెక్క మాత్రం మరవకండి.

పంట లెక్క కూడా మార్చవచ్చు. మొక్క పీకినప్పుడు ఏం చేతికి రావాలో లూట్ టేబుల్ అనే ఫైలు చెబుతుంది. కింది మడి తడిగా ఉంటేనే కాయ, లేకపోతే ఉత్త విత్తనం అని అందులో షరతు రాయవచ్చు. దీన్ని డేటా ప్యాక్‌లో, అంటే ఆట నియమాలను మార్చే ఫైళ్ళ మూటలో పెట్టాలి. రిసోర్స్ ప్యాక్, డేటా ప్యాక్ రెండూ బొమ్మలు, రాత ఫైళ్ళే. ఆటను మార్చడానికి జార్ ఫైలుగా వచ్చే మాడ్ అట్లా కాదు, అది మీ కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాం. ఎక్కడిదో తెలియని జార్ ఫైలును ముట్టుకోవద్దు. ఏ మార్పు చేసే ముందైనా మీ లోకానికి ఒక నకలు తీసి పెట్టుకోండి.

ఇంకా లోతుకు పోవాలంటే లువాంటి మేలు. అందులో మాడ్ రాసే భాష లువా, 1993లో బ్రెజిల్‌లో పుట్టింది. ప్రతి ద్రవానికీ లిక్విడ్ రెన్యూవబుల్ అనే గుణం ఉంటుంది, ఆ ద్రవం తనంతట తాను మళ్ళీ పుడుతుందో లేదో అది చెబుతుంది. లువాంటిలో ఆడే మైన్‌టెస్ట్ గేమ్ అనే ఆటలో నది నీళ్ళకు అది ముందే ఫాల్స్. మామూలు నీళ్ళకు కూడా ఫాల్స్ చేయడానికి నాలుగు వరుసలు చాలు. ఏబీఎం అనే ఇంకో ఏర్పాటు ఉంది. ఇన్ని సెకండ్లకోసారి, ఇన్నిట్లో ఒక వంతు అవకాశంతో, ఫలానా దిమ్మెకు ఫలానాది జరగాలి అని రాస్తాం. నీటి దిమ్మె పైన గాలి ఉంటే అప్పుడప్పుడు అది మాయమైపోవాలని రాయండి, చెరువు ఎండుతుంది. నీటి పక్కనున్న మట్టి దిమ్మె అప్పుడప్పుడు కరిగిపోవాలని రాయండి, కట్టకు గండి పడుతుంది. రాతి దిమ్మెకు ఆ నియమం రాయకండి. అప్పుడు కట్ట లోపలివైపు రాయి పేర్చే పని ఆడేవాళ్ళ తలలోకే వస్తుంది, ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ నియమాలకు నమూనా మన జిల్లాలోనే ఉంది. పోరుమామిళ్ళ చెరువు శాసనం, 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని శాసనం చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని కూడా చెబుతుంది. నీటి శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, రాతితో బిగువుగా కట్టిన కట్ట, దగ్గర్లో పొడవాటి రాళ్ళు దొరికే గని, పనితనం తెలిసిన కూలీలు ఆ జాబితాలో ఉన్నారు. దోషాలు ఆరు. కట్ట కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీళ్ళు తక్కువై పారుదల నేల ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై నేల తక్కువ కావడం. ఆరు వందల యాభై ఏళ్ళ కిందట రాతి మీద చెక్కిన ఈ పాఠం ఆట నియమాలు రాసేవాడికి చేతికందిన సరుకు. ఒక్కో దోషాన్నీ ఒక్కో నియమంగా రాయగలం. నాకు దీనిమీద ఎంత ఆశ ఉందో మాటల్లో చెప్పలేను.

మధ్యాహ్నం నాలుగు జట్లుగా కూర్చుందాం. మొదటి జట్టు కడప బండ, శెనక్కాయ బొమ్మలు గీస్తుంది. రెండోది కట్ట కారే నియమం రాస్తుంది. మూడోది ఐదో దోషం తీసుకోవాలి: ఇంత చెరువుకు ఇంత ఆయకట్టు అని లెక్క కట్టి, మడి తడిసిన కొద్దీ చెరువులో నీటి దిమ్మె తగ్గేలా చేయాలి. అన్నిటికంటే కష్టమైంది నాలుగో జట్టుది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు. దానికి కోడ్ పెద్దగా అక్కరలేదు. అందరూ కలిసి ఆడే ఒకే సర్వర్‌లో రెండు ఊళ్ళు పెట్టి, నడుమ ఒక్క చెరువు, చెరో తూము ఇచ్చి వదలండి. తూము ఎవరు ఎప్పుడు తెరిచారో మాత్రం ప్రతిసారీ రాసి పెట్టండి. సాయంత్రం ఆ చీటీ ముందర పెట్టుకుని, తూముకు ఏ నియమం రాయాలో అందరం కలిసి తేలుద్దాం.