బొమ్మకు ధర చెప్పడం నేర్చుకున్న ఏడాది

అందరికీ నమస్కారం.

సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులనూ లేఖకులనూ పెట్టుకుని, సొంత డబ్బుతో జీతాలిచ్చి పాత తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఈ గ్రంథాలయం వెలిసింది. గీతలు గీసి కడుపు నింపుకోవడం గురించి మాట్లాడమంటే ఇంతకంటే తగిన చోటు నాకు దొరకదు. కాకపోతే ఆ లేఖకులకు నెల జీతం ఉండేది. నాకు లేదు.

ఏడాది కిందటి దాకా నాకూ ఉండేది. బెంగళూరులో ఒక యాప్ కంపెనీకి బొమ్మలు వేసేదాన్ని. మానేసి రావడం వెనక పెద్ద కథేమీ లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకు ఇంటి అద్దె నొప్పి. కడపకు వచ్చి మేడ మీద గదిలో టేబుల్ వేసుకున్నాను.

ముందు లెక్క చెప్తాను. బొమ్మల వాళ్లు ఎవరూ ఇది బయటికి చెప్పరు, అందుకే కొత్తగా వచ్చే పిల్లలకు ఏమీ తెలియదు. పన్నెండు నెలల్లో నాకు వచ్చింది 3,12,400 రూపాయలు. పెన్ టాబ్లెట్, ఇన్వర్టర్ బ్యాటరీ, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్ అద్దె కలిపి 70 వేలు పోయాయి. అంటే నెలకు 20 వేలు, పైన చిల్లర. అది కూడా సమానంగా రాలేదు. రెండు నెలలు ఒక్క రూపాయి లేదు. మొదటి చెక్కులో పదో వంతు తక్కువ కనిపిస్తే మోసపోయానని రాత్రంతా టెన్షన్ పడ్డాను. అది టీడీఎస్ అనీ, అంటే డబ్బిచ్చేవాళ్లు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను అనీ, రిటర్ను వేస్తే నాకు తిరిగి వస్తుందనీ తెలిసినాక కాస్త సిగ్గేసింది.

చిన్నప్పుడు బొమ్మల వాళ్లంటే చందమామ వాళ్లే అనుకునేదాన్ని. దాన్ని 1947లో చక్రపాణితో కలిసి మొదలుపెట్టిన నాగిరెడ్డిది మన జిల్లా పొట్టిపాడే. అందులో శంకర్ 1950ల మొదట్లో చేరి దశాబ్దాల పాటు బొమ్మలు వేశారు. నేనూ పిల్లల పుస్తకాలతోనే బతుకుతాననుకున్నాను. ఏడాదిలో రెండు పుస్తకాలు వచ్చాయి, 96 వేలు. అసలు నన్ను నిలబెట్టినవి పెళ్లి కార్డుల మీద క్యారికేచర్లు. నలభై ఒక్క జంటలకు వేశాను, ఒక్కోటి 2,500. లక్ష దాటింది.

ఈ పెళ్లి బొమ్మల్లో పెద్ద చిక్కు ముక్కూ కాదు, మూతీ కాదు, రంగు. "అక్కా, పెళ్లికూతుర్ని కొంచెం తెల్లగా వేయండి" అని ప్రతి రెండో ఇంటి నుంచి ఫోన్. పెళ్లికొడుకు గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. మొదటి పదిమందికి వేసిచ్చాను, అబద్ధం ఎందుకు. తర్వాత ఒక అమ్మాయి తనే ఫోన్ చేసి, "ఇది నేను కాదు కదా అక్కా" అంది. అప్పటి నుంచి ఫొటోలో ఉన్న రంగే వేస్తానని ముందే చెప్తున్నాను. రెండు బేరాలు పోయాయి.

పుస్తకాల దగ్గర వేరే దెబ్బలు తగిలాయి. స్క్రీన్ మీద వెలిగిపోయే నీలం, నాలుగు రంగుల సిరాతో అచ్చు వేసేసరికి తడిసిన జీన్స్ గుడ్డలా వచ్చింది. రెండు పేజీలకు కలిపి వేసిన బొమ్మలో అవ్వ ముఖం సరిగ్గా మడతలోకి పోయింది. ఇంకోటి మన లిపికి సంబంధించింది. కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి తెలుగు వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ పుస్తకాలు చూసి నేను వదిలిన ఖాళీలో తెలుగు కథ సగమే పట్టింది. అక్షరాలకు చోటు కోసం బొమ్మలోని మర్రిచెట్టును మూడుసార్లు నరికి మళ్లీ నాటాను.

ఇప్పుడు అసలు విషయం. ఒక చిన్న సంస్థ నోటుపుస్తకాల అట్టల కోసం పన్నెండు బొమ్మలు అడిగింది. 9 వేలకు ఒప్పుకున్నాను, మాటలన్నీ ఫోన్లోనే. నాలుగు నెలల తర్వాత ఏడురోడ్ల దగ్గర ఆటోలో పోతుంటే ఆ పన్నెండులో ఒకటైన నా కుందేలు ఫ్లెక్సీ మీద కనిపించింది, నా కంటే పెద్దదిగా. తర్వాత స్కూలు బ్యాగుల మీద, నీళ్ల సీసాల మీద. ఫోన్ చేస్తే, "డబ్బులిచ్చాం కదమ్మా" అన్నారు.

కోపంతో చట్టం తెరిచాను. 1957 కాపీరైట్ చట్టం, 17వ సెక్షన్. డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ లాంటివాటికి, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. చదివి చల్లబడ్డాను. నా చేతిలో కాగితం ముక్క లేదు. 19వ సెక్షన్ కొంచెం ఊరట. హక్కు నాదే అయిన బొమ్మలకు, దాన్ని ఇంకొకరికి రాసివ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లు, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకు. బొమ్మ నాదని చెప్పుకునే హక్కు మాత్రం, 57వ సెక్షన్ ప్రకారం, అమ్మినా నా దగ్గరే ఉంటుంది. కుందేలు కింద నా పేరు వేయమని అడగడం దాకా అయింది. ఇంకా వేయలేదు.

మా నాయన సైన్‌బోర్డు పెయింటర్. దారానికి సుద్దపొడి పట్టించి, గోడ మీద ఫట్‌మని కొట్టి గీత తీసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. బోర్డుకు అక్షరానికి ఇంత, గోడకు అడుగుకు ఇంత అని ఆయన లెక్క. రంగు డబ్బా మూత తీయకముందే సగం అడ్వాన్సు. నా సంగతి విని, "దుడ్లు చేతిలో పడకుండా ఎట్ల గీసినావమ్మా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే ఆయనది నిజం. అయితే ఆయన లెక్క నాకు పూర్తిగా సరిపోదు. ఆయన రాసిన బోర్డు ఆ అంగడి మీదే ఎండకు వెలిసిపోతుంది. నా బొమ్మ ఫైలు. ఎక్కడికైనా పోతుంది, ఎంతకైనా సాగుతుంది. అందుకే ఇప్పుడు సైజును బట్టి కాదు, వాడకాన్ని బట్టి ధర చెప్తున్నాను. అట్ట మీదకి ఒక రేటు, బ్యాగు మీదకి ఇంకో రేటు, రెండేళ్లకు ఒకటి, ఐదేళ్లకు ఒకటి. తెలుగులో ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాను. అది చూసి ముగ్గురు మళ్లీ ఫోన్ చేయలేదు. నాలుగో ఆయన చదివి, సంతకం పెట్టి, సగం డబ్బు పంపాడు.

రెండో పుస్తకానికి అట్ట మీద పేరు ఏ ఫాంటులో పెట్టినా కుదరలేదు. నాయనను చేత్తో రాయమన్నాను. పన్నెండేళ్ల తర్వాత కుంచె పట్టాడు. చేయి వణుకుతుందేమో అనుకున్నాను, వణకలేదు. రేటు అడిగితే అక్షరానికి రెండొందలన్నాడు. ఆ పేరులో ఏడు అక్షరాలు. ఆయన ఎనిమిదికి లెక్క కట్టాడు, వత్తును విడిగా. నేను బేరం ఆడలేదు. లోపలి పేజీలో నా పేరు కింద ఆయన పేరు ఉంది. పుస్తకం ఇక్కడ టేబుల్ మీద పెట్టాను, చూడండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.